లోపట ఎవలన్న ఉన్నరా

శుక్రవారం మధ్యాహ్నం, నమాజుకు వేళవుతుంటే షాపు షట్టరు సగం దించాను. వంగి లోపలికి చూస్తూ, "లోపట ఎవలన్న ఉన్నరా?" అని అరిచాను. లోపల కాలిపోయిన మోటార్లు, రాగి తీగ చుట్టలు, నా టిఫిన్ డబ్బా తప్ప ఇంకేం లేవు.

పక్కనే పంక్చర్లు వేసేవాడు పంపు వదిలి నావైపు చూశాడు. "ఏంది భాయ్, దుకాన్ల దయ్యాన్ని కిరాయికి పెట్టుకున్నవా?" అన్నాడు.

మామూలుగా అయితే వాడికి అక్కడికక్కడే ఒక దయ్యాన్ని పుట్టించి చూపించేవాణ్ణి. నాకు ఆ విద్య ఉంది. ఆ రోజు మళ్లీ వంగి లోపలికి చూశాను. ఆ కేక నాది కాదు. ఆ కేక వేసే మనిషి పొద్దున్నే చనిపోయిందని డ్యాం తలుపులు తెరిచే లస్కరు ఫోన్ చేసి ఇంకా ఎంతోసేపు కాలేదు. ఎందుకు అరిచానో నాకే తెలియదు. షట్టరు పూర్తిగా దించడానికి మాత్రం చెయ్యి ఆడలేదు. ఒకవేళ లోపల ఎవరైనా ఉంటే?

ఆమె పేరు రాయను. రాయొద్దని ఆమే చెప్పింది. "నా పేరు నీ కతల్ల పెట్టకు భాయ్. పెడితె సచ్చినంక వచ్చి నీ పీక పిసుకుత. రాత్రిపూట గాదు, పట్టపగలే వస్త, అందరు చూస్తుంటె" అంది. బతికి ఉండగా ఆ మాటకు నవ్వాను. ఇప్పుడు నవ్వే ధైర్యం లేదు. అందుకని అందరూ పిలిచినట్టే పెద్దమ్మ అంటాను.

మా కారేపల్లి వైపు నుంచి భద్రాచలం అడవుల దిక్కు పోతుంటే పత్తి చేలు, మిరప తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఒక పాత డ్యాం ఉంది. పేరుకే డ్యాం. పొడుగాటి మట్టికట్ట, నీళ్ల వైపున ఒక రాతి బురుజు, బురుజు మీద ఇనుప చక్రం. చక్రం తిప్పితే అడుగున తలుపు లేస్తుంది. నీళ్లు కట్ట కింద ఉన్న తూములోంచి పారి అవతల కాలువలో పడతాయి. తూమంటే రాతితో కట్టిన సొరంగం. మనిషి నడుం వంచితే లోపలికి నడిచిపోవచ్చు. నీళ్లు వదలని నెలల్లో అది ఎండిపోయి, చల్లగా, చీకటిగా, గబ్బిలాల కంపుతో నోరు తెరుచుకుని ఉంటుంది. చక్రం దగ్గర నిలబడ్డవాడికి ఆ నోరు కనపడదు. కట్ట కడుపు అడ్డం. అందుకే కింద కాలువ గట్టున ఒక మనిషి నిలబడి, అంతా సరిగా ఉందనుకున్నప్పుడు తెల్లబట్ట ఊపాలి. అప్పుడు పైనున్నవాడు చక్రం తిప్పుతాడు. ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతి.

మా తాతల కాలంలో ఎప్పుడో, తూములో పూడిక తీస్తున్న మనుషులు లోపల ఉండగానే తలుపు లేచింది. బయటికి ఎవ్వరూ రాలేదు. అప్పటినుంచి ఆ తూము మంచిది కాదన్నారు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు లోపలినుంచి పారల చప్పుడు వినపడుతుందని ఒకరు, కట్ట మీద కునుకు తీసినవాడు లేచేసరికి పాదాలు తడిసి ఉంటాయని ఇంకొకరు. ఎంతమంది పోయారో ఎవరికీ సరిగ్గా తెలియదు. నేను కథ చెప్పినప్పుడల్లా మాత్రం ఒకరిద్దరు ఎక్కువ పోయేవాళ్లు.

కట్ట కింది టీకొట్టు దగ్గర నేను చెప్పే తడిబట్టల మనిషి కథకు మంచి గిరాకీ ఉండేది. ఇల్లెందు పోయే బస్సును కట్ట మలుపులో ఒక మనిషి ఆపుతాడు. బట్టల్లోంచి నీళ్లు కారుతుంటాయి. టికెట్ అడిగితే మాట్లాడడు. ఖాళీ సీటు పక్కన నిలబడి, "కూసోనీకి జాగా ఉందా?" అంటాడు. కండక్టర్ వెనక్కి తిరిగి చూసేసరికి మనిషి ఉండడు, సీటు తడిసి ఉంటుంది. అది పూర్తిగా నా సొంతం. ఒక వానాకాలం ఎవరి మోటారూ కాలక చేతిలో పని లేనప్పుడు తయారుచేశాను. కొన్నేళ్ల తర్వాత ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ ఒకడు అదే కథ నాకే చెప్పాడు. వాళ్ల బావమరిది కళ్లారా చూశాడట. "సీటు మీద నీళ్లేనా?" అని అడిగాను. "నీళ్లే గాదన్నా, పూడికమట్టి గూడ ఉండె" అన్నాడు. మట్టి నేను పెట్టలేదు. ఆ మట్టి ఎక్కడినుంచి వచ్చింది? ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ కట్ట మలుపు వచ్చేదాకా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. నేను పుట్టించిన దయ్యమే నాకు తెలియకుండా పెరిగి పెద్దదైపోయింది.

ఆ టీకొట్టు దగ్గరే పెద్దమ్మ మొదటిసారి నా మీద పడింది. తడిబట్టల మనిషి బస్సెక్కే ఘట్టానికి వచ్చాను. జనం గ్లాసులు పట్టుకుని తాగడం మానేశారు. వెనకనుంచి ఒక గొంతు అడిగింది:

"ఎవల పిలగాడు భాయ్ గాయన?"

తిరిగి చూశాను. ఎండుపుల్లలాంటి ముసలామె. తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చెప్పులు కాళ్లకు కాకుండా చేతిలో ఉన్నాయి. కట్ట మీద ఆమె ఎన్నడూ చెప్పులేసుకుని నడవలేదని తర్వాత తెలిసింది.

"ఎవరైతే ఏందమ్మా, తూముల సచ్చినోడు" అన్నాను.

"తూముల సచ్చినోళ్లందర్ని నేనెరుగుదు. గాళ్లు సచ్చిననాటికి గీ తొవ్వకు బస్సే లేకుండె. బస్సు ఎట్ల ఆపాల్నో, ఏ దిక్కుకెల్లి ఎక్కాల్నో గాళ్లకేం తెలుసు? నువ్వు నేర్పినవా?"

జనం గొల్లుమన్నారు. నా కథ అక్కడే కూలిపోయింది. ఆమె టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పోతూ పోతూ ఇంకో మాట అంది. "పోయినసారి చెప్పినప్పటికన్న ఇద్దర్ని ఎక్కువ సంపినవ్. సచ్చినోళ్లు సాలలేరా నీకు, అబద్దాల సాయిబూ?"

ఆ పేరు అప్పటినుంచి ఆ చుట్టుపక్కల నాకు ఉండిపోయింది. మా ఇంట్లో కూడా.

ఆమె ఆ డ్యాం ఉద్యోగి కాదు. కాలువ కింద ఊళ్లో ఉండేది. కూలికి పోయేది, తునికాకు కోసేది, ఆదివారం చర్చికి పోయేది. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం పంటకు, యాసంగికి, తూము తెరిచే రోజున మాత్రం పొద్దున్నే వచ్చి తూము నోటి ముందు నిలబడేది. ఆమె లోపలికి కేకేయాలి. కేకేసి, వినాలి. విని, గట్టెక్కి తెల్లబట్ట ఊపాలి. ఈ పని ఆమెకు ఎవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు. ఎందరు లస్కర్లు మారినా ఆమె మారలేదు.

ఆ కేకలు తూముతో ఆగేవి కావు. బస్సులో అందరికన్నా చివర దిగేది, సీట్ల కింద ఒకసారి వంగి చూసి. కోళ్లగూడు తలుపు వేసే ముందు కూడా "లోపట ఎవలన్న ఉన్నరా?" అని అడిగేది. "కోళ్లున్నయ్ పెద్దమ్మా, ఇంకెవరుంటరు?" అని నేనంటే "అడిగితె నీ నోరేం పోయింది?" అనేది. చర్చిలో ప్రార్థన అయిపోయాక గుమ్మంలో నిలబడి ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా కదిలేది కాదు. ఒకసారి కళ్ల పరీక్షకు ఆమెను ఖమ్మం దవాఖానాకు నా బండి మీద తీసుకుపోయాను. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఖాళీ లిఫ్టులోకి ఆ కేక వేసింది. కట్టు కట్టించుకుని కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

పాస్టరుగారికి ఈ తూము వ్యవహారం నచ్చేది కాదు. చనిపోయినవాళ్లతో మాట్లాడటం వాక్యానికి విరుద్ధం అని ఆమెకు చెప్పాడట. "నేను మాట్లాడుతలేనయ్యగారూ, జరగమంటున్న" అందట.

నేను మోటార్లు బాగుచేసేవాణ్ణి కాబట్టి తూము తెరిచే రోజున నన్నూ పిలిచేవాళ్లు. కాలువ కింది రైతుల మోటార్లన్నీ ఆ వారమే మూలుగుతాయి. అలా ఆమె కేక చాలాసార్లు విన్నాను. నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచేది.

"నీళ్లొస్తున్నయ్! బయటికి రాండ్రి!"

ఆ కేక లోపలికి పోయేది. ఎంతో లోపలికి పోయి, ఎక్కడో నీటి తలుపుకు తగిలి, ఆలస్యంగా వెనక్కి వచ్చేది. అయితే మొత్తం వచ్చేది కాదు. మొదటి మాటలు చీకట్లో అరిగిపోయి చివరి మాట ఒక్కటే తిరిగి వచ్చేది. "...రాండ్రి... రాండ్రి..." మనం బయటికి రమ్మని పిలిస్తే, లోపలినుంచి ఎవరో మనల్ని లోపలికి రమ్మంటున్నట్టు. అది వింటే నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. నేను దయ్యాల కథలు చెప్పేవాణ్ణే కానీ నా అంత పిరికివాడు ఆ మండలంలో ఉండడు. బహుశా అందుకే బాగా చెప్తానేమో.

ప్రతిధ్వని ఆగిపోయాక కూడా ఆమె నిలబడే ఉండేది. తల పక్కకు వంచి, కొంగు చెవి మీదినుంచి తీసి. పైన రైతులు ఈలలు వేసేవాళ్లు. "ఏం పెద్దమ్మా, సచ్చినోళ్లు చాయ్ తాగుతున్నరా? జల్దీ రమ్మను!" అని అరిచేవాళ్లు. ఆమె చెవిని పెట్టేది కాదు. ఎండలో, ఆ చల్లటి గాలి తూము నోటినుంచి ముఖానికి కొడుతుంటే, వినపడని జవాబు కోసం వింటూ నిలబడటం ఎంత భయమో అక్కడ నిలబడ్డవాడికే తెలుస్తుంది.

ఇక ఆ యాసంగి సంగతి.

ఆ రోజు పైన చక్రం దగ్గర లస్కరూ ఇంకో ఇద్దరూ ఉన్నారు. కాలువ గట్టు మీద పదిమంది దాకా రైతులు కండువాలు భుజాన వేసుకుని నీళ్ల కోసం కూర్చున్నారు. నేను కిందికి ఎందుకు దిగానో గుర్తులేదు, బీడీ కోసమే అయ్యుంటుంది. పెద్దమ్మ నన్ను చూసి తన కర్ర పట్టుకొమ్మంది. పట్టుకుని తూము నోటికి వీపు తిప్పి నిలబడ్డాను. లోపలికి చూడటం నాకు చేతకాదు.

ఆమె కేకేసింది. ప్రతిధ్వని వచ్చింది, పోయింది. నేను బీడీ వెలిగించబోయాను.

"ఆఁ."

లోపలినుంచే. చిన్నగా, నిద్రలోంచి అన్నట్టు. ఇది ప్రతిధ్వని కాదు. పెద్దమ్మ "ఆఁ" అనలేదు. నేను అనలేదు.

గట్టు మీది రైతులకూ వినపడింది. ఒకడు "వామ్మో!" అన్నాడు. అంతే, అందరూ లేచి పరుగు. భుజాల మీది కండువాలు జారి, చేతుల్లోకి వచ్చి, గాల్లో ఎగురుతూ పొలాలకు అడ్డంపడి పరుగు. పైనున్న లస్కరుకు ఆ పరుగులు సరిగా కనపడలేదు. ఎగిరే తెల్ల కండువాలు కనపడ్డాయి. తెల్లబట్ట ఊపితే తెరవాలి. ఒక్క బట్ట కాదు, పది బట్టలు ఊగుతున్నాయి. ఆయన చక్రం మీద చెయ్యేశాడు.

తలుపు కిర్రుమన్న శబ్దం సొరంగం పొడుగునా పాకి వచ్చింది.

నేను కూడా పరిగెత్తేవాణ్ణే. ప్రమాణం చేసి చెప్తున్నాను, పరిగెత్తడానికి కాలు ఎత్తాను కూడా. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ ఎండుపుల్ల చేతిలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"ఏడికి ఉరుకుతవ్?"

"పెద్దమ్మా, పలికిండ్రు! విడువు నన్ను, పలికిండ్రు!"

"మనోళ్లు గాదు."

"మరెవరు?"

"సచ్చినోళ్లు పలకరు భాయ్. ఇన్నేండ్లసంది పిలుస్తున్న, ఒక్కనాడు పలకలేదు. పలికిండ్రంటె బతికున్నోళ్లే. నడువు."

నడిచింది. నన్ను ఈడ్చుకుంటూ. నేను ఆ తూములోకి నడిచాను అని చెప్పలేను, ఆమె వెనక పోయాను, అంతే. వెలుతురు నాలుగడుగుల్లో చచ్చిపోయింది. గబ్బిలాలు నా తల మీదినుంచి బయటికి కొట్టుకుపోయాయి. కాలి కింద మెత్తటి పూడిక. తడిబట్టల మనిషి సీటు మీద వదిలిన మట్టి ఇదేనని నాకు తోచింది. పాదాలకు చల్లగా ఏదో తగిలింది. నీళ్లు. పైన ముగ్గురూ కలిసి తిప్పుతున్నా ఆ పాత మర నత్తలా కదిలేది. తలుపు వేలెడంత లేచి ఉంటుంది. ఆ వేలెడంతలోంచే నీళ్లు బుసకొడుతూ వస్తున్నాయి.

"ఎవలది? ఏడున్నరు?" పెద్దమ్మ అరుస్తోంది.

"ఆఁ..." మళ్లీ. ఈసారి దగ్గరగా.

నా చెయ్యి ఒక పాదానికి తగిలింది. వేడిగా ఉంది. కాలిపోయేంత వేడి. నా జీవితంలో అంత భయంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. దయ్యాలకు జ్వరం రాదు.

ఒక ఆడమనిషి. గోడకు ఒదిగి పడుకుని ఉంది. లేపితే ఏదో అంది, ఒక్క ముక్క మాకు అర్థం కాలేదు. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్ ఊళ్లనుంచి మిరపకాయలు కోయడానికి వచ్చినవాళ్లలో మనిషి. జ్వరం వస్తే, ఎండ తట్టుకోలేక, చల్లగా ఉందని తూములోకి వచ్చి పడుకుంది. "నీళ్లొస్తున్నయ్, బయటికి రాండ్రి" అన్న కేక ఆమెకు వినపడింది. తెలుగు రాదు కాబట్టి ఏమన్నామో తెలియలేదు. ఎవరో పిలిచారు, పలికింది. పలికి, అక్కడే పడుకుంది.

చెరో రెక్క పట్టుకుని లాగాం. మోకాళ్ల దాకా నీళ్లు వెనకనుంచి తోశాయి. బయటపడి కాలువ గట్టెక్కేసరికి ముగ్గురం మట్టిలో ముద్దైపోయాం. ఆ జ్వరం మనిషి జుట్టు విరబోసుకుని, తడిబట్టల్లోంచి నీళ్లు కారుతూ మా మధ్య నిలబడింది. అప్పుడు లస్కరు పైనుంచి చూశాడు. ఇద్దరు దిగిన చోటునుంచి ముగ్గురు బయటికి వచ్చారు. ఆయన చక్రం వదిలేసి కట్ట మీద పరిగెత్తిన పరుగు నేను ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాను. ఆ రోజు నవ్వలేదు. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఆటో వచ్చేదాకా పెద్దమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. నేను బీడీ కోసం తడిమాను, అన్నీ తడిసిపోయాయి. అప్పుడు పెద్దమ్మ తనంతట తాను చెప్పింది. అడగలేదు నేను. అడిగే స్థితిలో లేను.

"గంత చిన్నగుంటి భాయ్. మా అన్నకు సద్ది తీస్కొచ్చిన. గిదే తూము. గీడనే నిలబడి 'అన్నా, బయటికి రాండ్రి' అని పిలిసిన. 'ఆఁ, వస్తున్నం' అన్నడు మా అన్న. పైకెల్లి మేస్త్రి అడిగిండు, 'పలికిన్రా పిల్లా?' అని. పలికిన్రన్న. గదే నేనన్న మాట. పలికిన్రంటె బయటికొచ్చిన్రనుకున్నడు గాయన. వస్తున్నమన్నరంటె వచ్చినట్టే అనుకున్న నేను. చక్రం తిప్పిండు."

గిన్నె పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, విప్పింది.

"సద్దిగిన్నె గట్లనే ఉండె నా చేతుల."

నేను, "మరి గిన్నేండ్లు... నీకు భయం కాదా పెద్దమ్మా, గాడ నిలబడాలంటె?" అన్నాను.

"మస్తు భయం. మీ అందరికంటె ఎక్కువ. మీరు ఎవలన్న పలికితె దయ్యమని భయపడ్తరు. నేనైతె ఎవలన్న పలికితె బతికున్నరని భయపడ్త. సప్పుడు లేకుంటె నాకు పానం నిమ్మళం. సప్పుడు లేదంటె లోపట ఎవ్వలు లేరు. ఉన్నోళ్లు ఎప్పుడో పోయిన్రు. ఇంగ వాళ్లకేం గాదు."

తర్వాతి ఏడాది మిరప కోతలకు ఆ ఛత్తీస్‌గఢ్ ఆమె మళ్లీ వచ్చింది. ఇప్పపువ్వు మూట ఒకటి పెద్దమ్మ గుమ్మంలో పెట్టి, తలుపు ముందు నిలబడి, ఏమనాలో తెలియక "ఆఁ" అంది. ఇద్దరికీ ఉన్న భాష అంతే. పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను చూడటం అదొక్కసారే.

ఊరు మాత్రం తన కథ తాను చెప్పుకుంది. ఇద్దరు పోతే ముగ్గురు వచ్చారని. ఆ మూడో మనిషి జ్వరం దిగి, మిరపకాయలు కోసి, బస్సెక్కి పోయిందని ఎంతమందికి చెప్పినా నమ్మలేదు. నిజం చెప్తే నమ్మరని నాకు అప్పుడే తెలిసింది. అందరూ అబద్దాల సాయిబు ఏదో దాస్తున్నాడన్నారు. తూము నోటి దగ్గరికి రావడానికి అంతకుముందు భయపడేవాళ్లు, ఇప్పుడు రావడమే మానేశారు.

పెద్దమ్మకు ముసలితనం మీదపడింది. చక్రానికి మోటారు వచ్చింది. దాన్ని బిగించడానికి సాయం పట్టింది నేనే. మీట నొక్కితే తలుపు లేస్తుంది, నత్తలా కాదు, గబుక్కున. సైరన్ కూడా పెట్టారు. సైరన్ మోగిన మొదటిసారి పెద్దమ్మ చెవులు మూసుకుని, అది ఆగేదాకా ఓపికపట్టి, తర్వాత తన కేక తాను వేసి, వింటూ నిలబడింది. "సైరన్ ఉంది గద పెద్దమ్మా" అని లస్కరంటే, "ఒర్లుతది. వింటదా?" అంది.

ఆమె పోయిన శుక్రవారం నేను చేరేసరికి ఆలస్యమైపోయింది. బస్సు దారిలో ఆగింది. సమాధుల తోటలో జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. పచ్చి మట్టి కుప్ప ఒకటి చూపించారు. ఆమె ముఖం చూడలేదు. మట్టి ఎదురుగా ఎంత నిలబడినా ఆమె దాని కింద ఉందని నాకు తోచలేదు. కాలువ గట్టున ఎక్కడో చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్నట్టే ఉంది.

తర్వాతి వారం యాసంగి నీళ్లు వదలాలి. నన్ను మోటారు చూడమని పిలిచారు. చూశాను, బాగుంది. ఇరిగేషన్ ఆఫీసు నుంచి ఏఈ మేడమ్ ఫోన్లో సరే అంది. సైరన్ మోగింది. లస్కరు మీట దగ్గర చెయ్యి పెట్టాడు. పెట్టి, నొక్కలేదు. నన్ను చూశాడు.

కాలువ వెంబడి మిరప కోతలవాళ్ల గుడిసెలు ఆ ఏడు ఎక్కువగా లేచాయి. ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెల్లోంచి పొగలు పైకి కనపడుతున్నాయి. ఎండ బాగా ఉంది.

"కిందికి ఎవరన్న పోవాలె" అన్నాడు లస్కరు.

గట్టు మీద అంతమంది రైతులున్నారు. అందరూ ఆకాశం చూస్తున్నారు.

"నువ్వే పో భాయ్" అన్నాడు ఒకాయన. "గాడ దయ్యాలున్నయని మాకు చెప్పిందే నువ్వు. మేమెట్ల పోతం?"

"లేవు. గవన్ని నేను కల్పించిన" అన్నాను.

"గిప్పుడు గట్లనే అంటవ్. నువ్వే పో."

దిగాను. తూము నోరు ఎప్పటిలాగే ఉంది. చల్లటి గాలి, ఇనుము తడిసిన వాసన. నా వెనక ఎండలో మనుషులు, ముందు ఆ చీకటి. ఈసారి నా మణికట్టు పట్టుకోవడానికి ఎవరూ లేరు. లోపలికి చూడకుండా కేకేయలేను. చూశాను.

"నీళ్లొస్తున్నయ్! బయటికి రాండ్రి!"

నా గొంతు సగంలో విరిగింది. ప్రతిధ్వని వచ్చింది. "...రాండ్రి... రాండ్రి..." చెవి ఒగ్గి విన్నాను. గబ్బిలం రెక్క ఒకటి. ఎక్కడో నీటిచుక్క. జవాబు వస్తుందేమోనని భయం. వస్తే లోపలికి పోవాలి, ఇంకెవరూ పోరు. నాకు తెలిసిన హిందీలో ఒకసారి పిలిచాను. ఆ గుడిసెల్లో మాట్లాడే భాష రెండు ముక్కలు, ఆ దిక్కు మనిషే అయిన లస్కరు భార్య దగ్గర నేర్చుకున్నాను, వాటితో ఒకసారి పిలిచాను. ఏమీ లేదు.

పని అయిపోయింది. గట్టెక్కాలి. కాలు కదల్లేదు. షాపు షట్టరు దగ్గర ఆగిపోయినట్టే ఆగిపోయాను. లోపల ఇంకా ఎవరో ఉన్నారనిపిస్తోంది. ఎవరో నాకు తెలుసు.

"పెద్దమ్మా," అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. "నువ్వు గూడ లోపటున్నవా? ఉంటె బయటికి రా. నీళ్లొస్తున్నయ్."

ఇక్కడ లోపలినుంచి ఒక చిన్న "ఆఁ" పెట్టాలని నా చెయ్యి ఎంత లాగుతోందో కథలు చెప్పేవాళ్లకే తెలుస్తుంది. పెట్టను. పీక నాది.

తల పక్కకు వంచి, ఆమె నిలబడినంతసేపూ నిలబడ్డాను. పైన ఒకరిద్దరు ఈలలు వేశారు. తూము ఏమీ అనలేదు. పెద్దమ్మ పలకలేదు.

మట్టి కుప్ప చూసినా కుదరని నమ్మకం అక్కడ కుదిరింది. కళ్లు తుడుచుకుని గట్టెక్కాను. జేబులోంచి తెల్లటోపీ తీసి, లస్కరుకు కనపడేలా ఊపాను.